చిరునామా లేని క్రీము డబ్బా

తేది: 9-3-2026

గౌరవనీయులైన ఔషధ తనిఖీ అధికారి గారి సముఖమునకు,

పొదిలి దగ్గర ఎర్రమిట్టపాలెం గ్రామ నివాసి, గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టులో ముప్పై ఒక్క సంవత్సరాలు సరుకు చూసే పని చేసి మానుకున్నవాడు, పమిడి బుల్లయ్య, వయస్సు 63, వ్రాసుకొను అర్జీ.

విషయం: మా గ్రామములో స్త్రీలు తెల్లబడుటకు ముఖమునకు పూసుకొను, తయారుచేసినవారి పేరు గానీ చిరునామా గానీ లేని ఒక క్రీములో పాదరసం కలిసి ఉన్నదని గట్టి అనుమానం కలిగినందున, దానిని పరీక్ష చేయించి, అమ్మకం ఆపించి, బాధ్యులపై చట్టప్రకారం చర్య తీసుకొనుట గురించి.

జతపరచినవి: మూడు డబ్బాల నుండి తీసిన క్రీము మచ్చులు మూడు, ఖాళీ డబ్బా ఒకటి, నా కుమార్తె రక్తపరీక్ష నకలు ఒకటి.

అయ్యా,

నేను అనుమానపు మనిషిని. తమరు విచారణకు మనిషిని పంపితే ఊరి మొదట్లో టీకొట్టు దగ్గరే ఈ సంగతి చెబుతారు గనుక ముందుగా నేనే మనవి చేసుకుంటున్నాను. అనుమానం పెనుభూతమని పెద్దలు అన్నారు. నా మటుకు ఆ భూతమే ముప్పై ఒక్క సంవత్సరాలు నాకు అన్నం పెట్టింది. ఈ అర్జీ చదువునపుడు తమరు నన్ను అనుమానించినా అభ్యంతరం లేదు. డబ్బాను మాత్రం అంతకంటే ఎక్కువ అనుమానించవలెనని ప్రార్థన.

1. ఈ విషయములో మాట్లాడుటకు నాకు గల అర్హత: బస్తా మూతి విప్పగానే పైకాయ చూసి ధర చెప్పేవాడు యార్డులో వారం రోజులు నిలవడు. పైన మంచి కాయ, అడుగున తాలు నింపుకొచ్చినవారిని చూశాను. బరువు కోసం నీళ్ళు చల్లుకొచ్చిన సరుకును చెవి దగ్గర ఆడించి, గింజ చప్పుడు చేయకపోవడం బట్టి పట్టుకున్నాను. పైన పటారం లోన లొటారం అన్నది మాకు సామెత కాదు, రోజువారీ పని. అన్నిటికన్నా ముఖ్యమైనది రంగు. చేలో వచ్చిన రంగు కాయకొక తీరుగా ఉంటుంది. బస్తాలో కాయలన్నీ ఒక్క రంగులో మెరుస్తున్నాయంటే ఆ రంగు గోదాములో వచ్చిందని అర్థం. ఈ విద్య నాకు ఎవరూ నేర్పలేదు. రెండుసార్లు మోసపోయి, యజమాని చేత తిట్లు తిని నేర్చుకున్నాను.

2. నా కుమార్తె శ్రీదివ్య, వయస్సు 24, పక్క ఊళ్ళో ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. నిరుడు వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచిన కొద్ది రోజులకు ఆమె కళ్ళ కింద ఉబ్బు కనిపించింది. తరువాత పాదాలు వాచినవి. వేలితో నొక్కితే పడిన గుంట అట్లాగే ఉండిపోయేది. మూత్రంలో ప్రోటీను పోతున్నదనీ, కిడ్నీలు దెబ్బతింటున్నాయనీ పొదిలిలో పరీక్ష చేసినవారు చెప్పారు.

అయ్యా, మా మెట్టలో కిడ్నీ అన్న మాట వినపడితే ఇక రెండో మాట ఉండదు. నీళ్ళు. పన్ను పచ్చబడినా నీళ్ళే, మోకాలు వంగకపోయినా నీళ్ళే. కనిగిరి నుంచి పొదిలి దాకా ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, అందులో నిజం లేకపోలేదు. అందుచేత జబ్బు పేరు పూర్తిగా వినకముందే ముద్దాయి ఎవరో నేను నిర్ణయించేశాను. పైపెచ్చు అమ్మాయిని గుంటూరు ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉంచితే వాపు తీసింది. ఇంటికి వచ్చిన నెలకు మళ్ళీ వాచింది. గుంటూరు నీళ్ళు తాగితే తగ్గింది, మా ఊరి నీళ్ళు తాగితే పెరిగింది. ఇంతకు మించిన రుజువు ఏ కోర్టు అడుగుతుంది అనుకున్నాను. ఆ ఇరవై రోజులూ ఆమె ఇంట్లో వదిలి వెళ్ళినది నీళ్ళు ఒక్కటే కాదన్న సంగతి నాకు తట్టలేదు.

3. సదరు నీళ్ళ మీద నేను పెట్టిన అర్జీలు మొత్తం ఐదు. ఒకటి పంచాయతీ బోరు మీద, ఒకటి ఓవర్‌హెడ్ ట్యాంకు మీద. మిగతా మూడూ చర్చి పక్కన మంచినీళ్ళ ప్లాంటు నడుపుకొంటున్న జక్రయ్య మీద. ఇవి చాలవన్నట్టు 'మనం తాగేది విషం' అని కరపత్రాలు అచ్చు వేయించి ఊరంతా అంటించాను. జక్రయ్య షట్టరు మీద కూడా ఒకటి అంటించాను. నా అర్జీల పుణ్యాన అతని ప్లాంటు నలభై రోజులు మూతబడింది. ఆ నలభై రోజులూ ఊరి ఆడవాళ్ళు ఆటోల్లో పక్క ఊరి నుంచి నీళ్ళు తెచ్చుకున్నారు. నీళ్ళను పరీక్షించి బాగానే ఉన్నాయని తేల్చారు. ఆ ఫలితం కొనుక్కున్నదని ఐదో అర్జీ వ్రాసితిని.

అది తప్పు. జక్రయ్య నీళ్ళలో ఏమీ లేదు. నేను ఈ మధ్య అతని దగ్గరకు వెళ్ళి ఆ మాట చెప్పాను. అతను టిన్నులు కడుగుతూ తల ఎత్తకుండా, "నీళ్ళయిపోయినయ్యి గదండీ బుల్లయ్యగారూ, ఇంక గాలి మీద పెట్టండి అర్జీ" అన్నాడు. నేను కదలకపోయేసరికి తనే, "అమ్మాయికెట్లా ఉందండీ" అని అడిగాడు. నాకు సిగ్గు వేసింది. ఇంతకాలమూ నా అనుమానానికి ఎవరూ సిగ్గు కలిగించలేదు.

4. గుంటూరు నుంచి నీళ్ళ టిన్నులు బస్సు మీద వేయించి తెప్పించి తాగించినా అమ్మాయి వాపు తగ్గలేదు. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ గుంటూరు ఆసుపత్రి డాక్టరమ్మ దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆమె కాగితాలు పక్కన పెట్టి, "ముఖానికి ఏం రాస్తావమ్మా?" అని అడిగింది. నేను అడ్డం పడి, మా ఇంట్లో సున్నిపిండి తప్ప మరొకటి వాడమండీ అని చెప్పాను. అమ్మాయి తల దించుకున్నది. డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమన్నది.

తరువాత తీసిన రక్తపరీక్షలో పాదరసం ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఉన్నట్లు వచ్చినది. నకలు జతపరచడమైనది. "క్రీము ఇవాళే ఆపితే కిడ్నీలు కోలుకోవచ్చు. ఆపకపోతే నేను చేయగలిగింది లేదు" అని డాక్టరమ్మ స్పష్టముగా చెప్పినది. ముఖానికి పూసే క్రీముల్లో పాదరసం కలపకూడదని చట్టమే ఉన్నదట. చట్టం ఉండగా ఇది మా ఊరికి ఎట్లా వచ్చిందని అడిగితే, అది నన్ను కాదు అడగవలసింది అన్నది. అందుకే తమరిని అడుగుతున్నాను.

బస్సులో అమ్మాయిని ఎవరిచ్చారని అడిగాను. "అందరూ రాసుకునేదే నాన్నా" అని కిటికీ వైపు తిరిగినది.

5. అందరూ అంటే ఎవరో తేల్చుకోవలెనని మరునాడు మిరప కళ్ళానికి వెళ్ళాను. నలభై మందికి పైగా ఆడవాళ్ళు వరుసగా కూర్చొని తాలుకాయ ఏరుతున్నారు. ఎండకు ముఖానికి కట్టుకున్న తుండుగుడ్డలు మంచినీళ్ళు తాగడానికి విప్పారు. అయ్యా, ఆ ముఖాలన్నీ ఒకటే రంగు. చేతులు ఒకరివి నలుపు, ఒకరివి చామనచాయ, మెడలు ఎవరి మెడ వారిది. ముఖాలు మాత్రం అన్నీ ఒకే గోదాములో రంగు వేసుకొచ్చినట్టు పాలిపోయి మెరుస్తున్నాయి. నేను ఈ ఆడవాళ్ళను ఏడాదికి పైగా రోజూ చూస్తున్నాను. బస్తాలో కాయ రంగు పట్టుకున్నవాడిని, మా వీధిలో మనుషుల రంగు పట్టుకోలేకపోయాను.

ఆ వరుసలో ఫిజా అనే అమ్మాయి ఉన్నది. ఐదో నెల గర్భిణి. ముఖానికి ఏం రాస్తున్నావమ్మా అని అడిగాను. నవ్వింది.

"ఇంట్లో పెట్టుకొని నన్నడుగుతావేంది బాబాయ్" అన్నది.

6. సదరు విక్రేత వివరములు: సదరు విక్రేత మా గ్రామ నివాసి. సుమారు రెండు సంవత్సరాలుగా కూలి ఆడవాళ్ళకు ఈ డబ్బాలు అమ్ముతున్నట్లు తేలినది. సదరు విక్రేత కళ్ళానికి వెళ్ళే ముఠాకు మేస్త్రి. సదరు విక్రేత డబ్బాలను మంచం కింద రేకుపెట్టెలో పెట్టి పైన పాత దుప్పటి కప్పును. ఇంత నిక్కచ్చిగా నాకెట్లా తెలుసునంటే, అది నా మంచం.

సదరు అని ఎంతసేపు రాయగలను. విక్రేత పేరు పమిడి రాజ్యం. వయస్సు 57. నా భార్య.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కానీ ఆమె దొంగ కాదండి. నేను యార్డులో ఉన్నన్నాళ్ళూ ఆమె ఎండలో మిరపకోతకు వెళ్ళి సంసారం నడిపింది. ముఖం మాడిపోయింది. మార్టూరు వైపు నుంచి మంగళవారం బస్సులో ఒక మనిషి సంచి వేసుకొని వస్తాడట. వాడిచ్చిన డబ్బా తను ముందు పూసుకుంది. ముఖం తేటపడింది. మాకూ తెప్పించు రాజ్యమక్కా అని ఆడవాళ్ళు అడిగితే తెప్పించింది. తెచ్చిన ధరకే ఇచ్చిందని ఆడవాళ్ళే చెప్పారు. ఈ విషయములో నాకు అనుమానం లేదు. బిడ్డకు ఆదివారం పూట తలంటి, తన చేత్తో ముఖానికి పూసేదట. నేను అరుగు మీద కూర్చొని నీళ్ళ మీద అర్జీ వ్రాసుకొంటున్న ఆదివారాల్లో, లోపల గదిలో ఇది జరుగుతున్నది.

డాక్టరమ్మ చెప్పింది ఆమెకు చెప్పాను. రక్తపరీక్ష కాగితం చూపించాను. ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు వ్రాస్తున్నాను.

"నీళ్ళని నువ్వేగా చెప్పావు. గోడల నిండా అంటించావు. పాపం జక్రయ్యని ఏడిపించావు. ఇప్పుడు అవన్నీ పోయి నా డబ్బా మీద పడ్డావా?"

"అప్పుడు తెలియక చెప్పాను రాజ్యం" అన్నాను.

"నువ్వు అనుమానించనిది ఏదుందయ్యా. ఉప్పుని అనుమానించావు. పాలవాణ్ణి అనుమానించావు. ఒక్క నన్ను మిగిల్చావు, అదీ అయిపోయింది" అన్నది. మళ్ళీ తనే, "అంటే నా బిడ్డకి నా చేత్తో విషం పూశాననా నువ్వనేది?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు ఏ భర్త ఏమి జవాబు చెప్పవలెనో ఏ చట్టములోనైనా ఉంటే తెలియజేయగలరు. అమ్మాయి లోపలి నుంచి వచ్చి, "అమ్మని ఏమీ అనొద్దు నాన్నా, నేనెట్లాగూ మానేశాను" అన్నది. అమ్మాయి మానేసినది. ఊరు మానలేదు. నీళ్ళు అని నమ్మడం రాజ్యానికి సులువు, క్రీము అని నమ్మితే బిడ్డను తానే చెడగొట్టానని ఒప్పుకోవాలి. ఆ సులువు దారి అచ్చు వేయించి మరీ ఆమె చేతికి ఇచ్చింది నేను. ఊళ్ళో ఏ ఆడమనిషికి చెప్పినా ఇదే వరుస. "నీళ్ళని మీ ఆయనే కదా చెప్పింది" అని వాళ్ళు ఆమెతో అంటారు, ఆమె నాతో అంటుంది. నా కరపత్రాలు ఇంకా గోడల మీద ఉన్నాయి, మంచి బంక వాడించాను.

7. చర్య తీసుకొనుటలో గల చిక్కు: నేను ఇంతకుముందే ఒక కార్యాలయానికి ఫోను చేసి విచారించాను. ఏ కార్యాలయమో వ్రాయను, ఫోను ఎత్తిన మనిషి మర్యాదగానే మాట్లాడాడు. తయారీదారు పేరు, చిరునామా, బ్యాచి నంబరు, కొన్న బిల్లు జతచేయమన్నాడు. డబ్బా మీద ఒక తెల్లటి ఆడమనిషి బొమ్మ తప్ప మరేమీ లేదని చెప్పాను. "అయితే కేసు ఎవరి మీద పెట్టాలండీ?" అన్నాడు.

నేను ఆ రోజంతా ఆలోచించాను. తయారుచేసినవాడికి చిరునామా లేదు. మార్టూరు వైపు మనిషి ఇంటిపేరు కూడా ఎవరికీ తెలియదు. మొత్తం ఈ వ్యవహారంలో చిరునామా ఉన్నది ఒక్క మా ఇంటికే. అడుగున తాలు నింపినవాడు తప్పించుకుంటాడు, బస్తా మూతి కుట్టినవాడు దొరుకుతాడు. ఇది తెలిసీ అర్జీ వ్రాస్తున్నాను. వ్రాయకపోతే ఫిజా కడుపులో బిడ్డ ఉన్నది. వ్రాస్తే రాజ్యం ఉన్నది. ఐదు అర్జీలు ఐదు గంటల్లో వ్రాసినవాడిని, ఈ ఒక్కదానికి పన్నెండు రోజులు పట్టింది.

8. మచ్చుల విషయం: యార్డు పద్ధతిలో మూడు డబ్బాలు తీసుకొని, ఒక్కొక్క దానిలో పైన, నడుమ, అడుగున తీసి కలిపి, మూడు పొట్లాలుగా కట్టి గుర్తు వేశాను. అయితే యార్డులో ఒక నియమం ఉన్నది. సరుకు గలవారు ఎదురుగా ఉండగా తీయని మచ్చు చెల్లదు. ఎంత మొనగాడైనా రైతు లేకుండా బస్తాలో చెయ్యి పెట్టకూడదు, పెడితే అది దొంగతనం. నేను ఈ మచ్చులు రాజ్యం కళ్ళానికి వెళ్ళినప్పుడు తీశాను. ముప్పై ఒక్క సంవత్సరాల్లో చేయని పని మొదటిసారి నా ఇంట్లో చేశాను. అందుచేత ఇవి చెల్లవని తమరు తోసిపుచ్చినా తప్పు పట్టను. తోసిపుచ్చేముందు పరీక్ష మాత్రం చేయించండి.

కావున తమరిని కోరునదేమనగా:

సదరు క్రీమును వెంటనే పరీక్షకు పంపవలెను. సంచి మనిషిని పట్టుకొని, వాడి వెనుక ఎవరున్నారో, వారి వెనుక ఎవరున్నారో చివరిదాకా తవ్వవలెను. మధ్యలో ఎవరో ఒకరు దొరికారని ఆగరాదు. మా గ్రామానికి ప్రభుత్వం తరఫున మైకు పంపి ఆడవాళ్ళకు నిజం చెప్పించవలెను. నేను చెబితే నమ్మే రోజు దాటిపోయింది. కళ్ళానికి వచ్చే ఆడవాళ్ళందరికీ, ముందుగా ఫిజాకు, రక్తపరీక్ష చేయించవలెను. జక్రయ్య మీద నేను పెట్టిన మూడు అర్జీలను వెనక్కి తీసుకుంటున్నాను, అవి ఏ దస్త్రంలో ఉన్నా దానికి ఈ కాగితం కుట్టించవలెను.

కేసు పెట్టక తప్పదంటే మొదటి ముద్దాయిగా నా పేరు వ్రాసుకోవలెను. ఇల్లు నా పేరున ఉన్నది, మంచం నాది, ఊరిని తప్పుదారి పట్టించిన కాగితం కూడా నాదే. రాజ్యాన్ని స్టేషను మెట్లు ఎక్కించవద్దు. ఆమె జీవితంలో ఎవరినీ మోసం చేయలేదు. నన్ను తప్ప ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేదు.

ఈపైన వ్రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు గనుక ఉన్నంతవరకే చిత్తగించవలెను.

తమరి ఉత్తరం కోసం ఎదురుచూచు విధేయుడు,
పమిడి బుల్లయ్య
ఎర్రమిట్టపాలెం

(కాగితం వెనుక, వేరే చేతివ్రాతతో)

అయ్యగారికి నమస్కారం అండి. నేను రాజ్యాన్ని. ఏడో తరగతి దాకా చదువుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఆయన ఇన్ని అర్జీలు రాశాడు గానీ ఏ ఒక్కటీ నా చేతికి ఇయ్యలేదు. పోస్టాఫీసు వాళ్ళనే నమ్మడు, నన్నేం నమ్ముతాడు అనుకునేదాన్ని. ఇయ్యాళ ఈ కవరు అంటించకుండా నా ముందు పెట్టి, "బంక రాసి పోస్టులో వెయ్యి రాజ్యం" అని చెప్పి బయటకి పోయాడు. చదవమనే అని అర్థమయ్యి చదివాను. రెండుసార్లు చదివాను.

డబ్బాలు కదిలిన సంగతి ఆ పొద్దే చూశాను. చూసి ఊరుకున్నాను. అందుకని మచ్చులు నా ఎదురుగా తీసినట్టే రాసుకోండి, నేను సంతకం పెడతాను.

పొద్దున ఫిజా ఇంటికి పోయి డబ్బా వెనక్కి తీసుకున్నాను. ఎందుకక్కా అంటే మంచిది కాదంటమ్మా అని మాత్రం చెప్పాను. మిగతా వాళ్ళ దగ్గరికి కూడా పోతాను, ఒక్క రోజులో అందరికీ చెప్పే ధైర్యం లేదు. ఇంట్లో ఇంకా ముప్పై ఒక్క డబ్బాలు ఉన్నాయి. పాతబావిలో పారేద్దామని పోయి, నీళ్ళలో కలుస్తదేమోనని మళ్ళీ తెచ్చాను. చేలో పూడిస్తే అక్కడ పైరు ఉంది. ఎక్కడ పారెయ్యాలో చెప్పండి. అప్పటిదాకా పెట్టెలో తాళం వేసి ఉంచుతాను.

సంచి మనిషి మంగళవారం పదకొండు గంటల బస్సుకి వస్తాడు. మీరు వచ్చేట్టయితే వాణ్ణి అన్నం పెట్టి కూర్చోబెడతాను.

ఇంకొక మాట అండి. నెల రోజుల నుంచి నా కాళ్ళు కూడా వాస్తున్నాయి. మట్టెలు ఊడి రావడం లేదు. చీర కిందకి దించి కట్టుకుంటున్నాను, ఆయన చూడలేదు. అమ్మాయి సంగతికే సగమైపోయాడు. మీరు ఆయనకి జవాబు రాసేటప్పుడు ఆఖర్న, మీ ఆవిడని కూడా డాక్టరుకి చూపించమని ఒక ముక్క రాయండి. నా నోటితో చెప్తే కూలబడిపోతాడు. మీ కాగితం మీద వస్తే ఆ పొద్దే బస్సెక్కిస్తాడు.